మామ చెప్పిన భంజనం పాఠం

మొన్న ఆదివారం మధ్యాహ్నం గిద్దలూరులో మా మామను చూడటానికి వెళ్లాను. పక్షవాతం వచ్చినప్పటి నుంచి ఆయన కూతురి ఇంట్లోనే ఉంటున్నాడు. పొద్దున్నే వాకిలి పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెడితే సాయంత్రం దాకా రోడ్డు మీద పోయే ఆటోల్ని చూస్తూ ఉంటాడు. ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి, మాట ముద్దగా వస్తుంది. ఆయన మనవరాలు ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతోంది. నన్ను చూడగానే సెల్లు పట్టుకుని వచ్చి, "అత్తా, రేపు క్రాకింగ్ మీద టెస్టు. ఈ సారు చెప్పేది సగమే అర్థమైతాంది, మిగతాది నువ్వు చెప్పు" అంటూ నన్ను ఆనుకుని కూర్చుంది. తెర మీద ఒకతను సబ్బులు అమ్మేవాడిలా నవ్వుతూ మాట్లాడుతున్నాడు. రంగురంగుల గుండ్లతో చేసిన పొడవాటి గొలుసు ఒకటి ఊగుతూ వచ్చింది, దాని కింద మంట బొమ్మ వెలిగింది, గొలుసు మధ్యలో టప్పుమని విరిగింది, ముక్కలు అటొకటి ఇటొకటి ఎగిరిపోయాయి. వెనక చప్పట్లు కూడా పెట్టారు. ఆ టప్పు అన్న చప్పుడుకు నా కుడిచేతి వేళ్లు వాటంతటవే ముడుచుకున్నాయి. చూపుడువేలు మాత్రం ముడుచుకోదు, సగంలో ఆగిపోతుంది. ఆ పిల్ల గమనించలేదు. వాకిట్లో ఉన్న మామ గమనించాడో లేదో తెలియదు.

నేను సర్కారు ఆసుపత్రిలో మందులిచ్చే పని చేస్తాను. హైడ్రోకార్బన్లతో నాకిప్పుడు గ్యాసు బండ దగ్గర తప్ప వేరే సంబంధం లేదు. అయినా క్రాకింగ్ అంటే ఏమిటని గాఢనిద్రలో ఉన్నదాన్ని లేపి అడిగినా తడుముకోకుండా చెప్పేస్తాను. మా తెలుగు మీడియం పుస్తకంలో దాని పేరు భంజనం. పొడవాటి గొలుసులున్న హైడ్రోకార్బన్లను గాలి తగలకుండా బాగా వేడిచేసి చిన్న చిన్న ముక్కలుగా విరగ్గొట్టడం. విరిగిన ముక్కల్లో కొన్ని నిండుగా, నెమ్మదిగా ఉంటాయి, కొన్ని ద్విబంధంతో ఇంకా దేనికోసమో చెయ్యి చాపుతున్నట్టు ఉంటాయి. పుస్తకంలో ఇది ఒక పేజీ కూడా లేదు. నాకు మాత్రం ఇంటర్ చదివిన ఆ ఏడాదంతా పట్టింది.

మా ఊరు మార్కాపురం నుంచి బేస్తవారిపేట వైపు పోయే దారిలో, రోడ్డు దిగి కాస్త లోపలికి ఉంటుంది. నాయన మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. గని నుంచి వచ్చిన నల్లరాయిని ఉలితో పొరలు పొరలుగా చీల్చడం ఆయన పని. అమ్మ కూలికి పోయేది, మిరపకోతల కాలంలో ఆమె పక్కన కూర్చుంటే తుమ్ములు ఆగేవి కావు. మా రెండు కుటుంబాల్లోనూ డిగ్రీ చదివిన మొదటి మనిషి అమ్మ తమ్ముడు, అంటే మామ. మార్కాపురంలో ఒక ప్రైవేటు బడిలో సైన్సు చెప్పేవాడు, సాయంత్రాలు ఇంట్లో ట్యూషన్ పెట్టేవాడు. నన్ను ఇంటర్లో సైన్సు గ్రూపులో చేర్పించి వాళ్లింట్లోనే ఉంచారు. లెక్కలు, ఫిజిక్సు ఎట్లాగో నెట్టుకొస్తున్నాను గానీ కెమిస్ట్రీ నాకు కొరుకుడు పడలేదు. ఆ పేపరు పోతే చదువు మానిపించి తనతోపాటు ఫ్యాక్టరీలో పలకలు రుద్దే పనికి పెడతానని నాయన ముందే చెప్పాడు. బెదిరింపుగా కాదు, రేపు ఎండ కాస్తుందని చెప్పినంత మామూలుగా చెప్పాడు. ఆ పనిచేసే ఆడవాళ్లు రాతిపొడికి దగ్గే దగ్గు నేను విని ఉన్నాను. అందుకే మామ ఏం చేసినా ఓర్చుకున్నాను.

మామ చేసిందల్లా కొట్టడమే. ఊరికే చెంపదెబ్బలు, గోడకుర్చీలు కాదు. ఆయనకొక పద్ధతి ఉండేది. నేలమీద సుద్దతో హెక్సేన్ గొలుసు గీసేవాడు. "ఎక్కడ విరుగుద్ది? ఏమేం వస్తయి? చెప్పు కోడలా" అని అడిగేవాడు. నా కుడిచెయ్యి ముందుకు చాపి ఉండాలి. ఒక్కొక్క బంధం పేరు చెప్పేకొద్దీ ఒక్కొక్క దెబ్బ. తప్పు చెబితే తప్పు చెప్పినందుకు, ఒప్పు చెబితే మరిచిపోకుండా ఉండేందుకు. ఆ దెబ్బల మీదనే ఆయనకు పాఠం తాళం తప్పకుండా సాగేది, గొంతు పెరిగేది, కళ్లు మెరిసేవి, చొక్కా చెమటకు వీపుకు అతుక్కుపోయేది. తోటి ట్యూషన్ పిల్లలు తమ వంతు ఎప్పుడొస్తుందా అని వేళ్లు ఒళ్లో దాచుకునేవాళ్లు. మామ భార్య, మా అత్త, పొయ్యి దగ్గర్నుంచి లేచేది కాదు, గిన్నెల చప్పుడు మాత్రం పెంచేది. ఒకసారి నేను ఏడుపు ఆపుకోలేకపోతే, "నన్ను హాస్టల్లో ఇంతకంటే ఎక్కువ కొట్టినారు. అందుకే ఈ పొద్దు సారునైనాను" అన్నాడు, అదేదో నాకు ఆస్తి రాసిస్తున్నట్టు.

కొట్టే వస్తువు గురించి చెప్పాలి. అది పలకకు చుట్టూ బిగించే చట్రం చెక్క. జానెడున్నర పొడవు, ఒక పక్క పొడుగునా సన్నటి గాడి ఉంటుంది, పలక అంచు అందులో కూర్చుంటుంది. ఆ గాడి వైపుతో కొడితే చర్మం మీద పక్కపక్కనే రెండు గీతలు పడేవి, నోటుబుక్కులో మార్జిన్ గీసినట్టు. ఫ్యాక్టరీలో వంకర తిరిగిన చెక్కల్ని పారేస్తారు. ఆ చెక్కలను కట్టలుగా కట్టి సైకిలు మీద తెచ్చి మామ ఇంట్లో వంటచెరుకు కోసం పడేసిపోయేది మా నాయనే. బామ్మర్ది చేస్తున్న ఉపకారానికి తాను చేయగలిగిన బదులు ఉపకారం అదేనని ఆయన అనుకునేవాడు.

పరీక్షలు ఇంకో వారంలో ఉన్నాయనగా ఉత్ప్రేరకం దగ్గర తడబడ్డాను. ఉత్ప్రేరకం ఉంటే అంత వేడి అక్కర్లేకుండానే గొలుసు విరుగుతుందని చెప్పాలి. నేను తిరగేసి చెప్పాను. మామ చెక్కను నిలువుగా తిప్పి అంచుతో కొట్టాడు. చూపుడువేలు కణుపు దగ్గర చప్పుడు నాకు స్పష్టంగా వినిపించింది. ఆయనకు వినిపించలేదు, అప్పటికి ఆయన తర్వాతి సమీకరణంలో ఉన్నాడు.

ఆ శనివారం సాయంత్రం ఊరికి వచ్చాను. నాయనా నేనూ పక్కపక్కన అన్నానికి కూర్చున్నాం. అమ్మ జొన్నసంగటి, గోంగూర వడ్డించింది. సంగటి ముద్దను వేళ్లతో తుంచాలి కదా, నా వల్ల కాలేదు. ఎడమచేత్తో తుంచబోతే నాయన చూశాడు.

"ఏందది?"

"తలుపు సందులో పడింది నాయనా."

నాయన నా చెయ్యి పట్టుకుని దీపం వెలుగులోకి లాగాడు. వేలు గుమ్మడిపిందెలా ఉంది. ఆయన దాన్ని ఎక్కువసేపు చూడలేదు. వెనక్కి తిప్పి మణికట్టు దాకా ఉన్న గీతల్ని చూశాడు. వాటి మీద తన బొటనవేలు పెట్టి కొలిచినట్టు నడిపాడు.

"తలుపుకు రెండు గీతలుంటయ్యా?" అన్నాడు. కాసేపాగి, "ఇది మా ఫ్యాక్టరీ చెక్క" అన్నాడు. పళ్లెంలోనే చెయ్యి కడిగేసి లేచిపోయాడు. అమ్మ నా వేలికి పసుపు, నూనె పట్టించి గుడ్డ చుట్టింది.

మరుసటి రోజు నెలలో మొదటి ఆదివారం. మా చర్చిలో ఆ రోజు బల్ల ఆరాధన, అంటే ప్రభువు పేరిట రొట్టె, ద్రాక్షరసం తీసుకునే రోజు. మా సంఘంలో ఒక కట్టడి ఉండేది. ఎవరితోనైనా తగాదా ఉన్నవాళ్లు ముందు వాళ్లతో సమాధానపడాలి, అందరి ముందూ చెయ్యి కలపాలి, ఆ తర్వాతే బల్ల దగ్గరికి రావాలి. దాంతో నెలంతా తిట్టుకున్న తోడికోడళ్లు ఆ రోజు పొద్దున హడావిడిగా చేతులు కలిపి, సోమవారం తీరిగ్గా మళ్లీ మొదలుపెట్టేవాళ్లు. మామ కూడా ఎక్కడున్నా ఆ ఆదివారానికి ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా తొడుక్కుని ఊరికి వచ్చేవాడు. ఆ రోజూ వచ్చాడు. చర్చి మెట్ల కింద, అందరూ చెప్పులు విడిచే చోట, నాయన నిలబడి ఉన్నాడు.

నాయన పొట్టి మనిషి, మామ భుజం దాకా వస్తాడు. కానీ ఆ చేతులు రోజంతా రాయి చీల్చే చేతులు. మొదటి దెబ్బకు మామ పెదవి చీలింది. రెండో దెబ్బకు పన్ను ఊడి చెప్పుల మధ్య పడింది. మామ కిందపడ్డాక నాయన ఆయన మీద కూర్చుని కాలరు పట్టుకుని తలను మెట్టుకేసి కొట్టాడు. తెల్లచొక్కా మీద రక్తం ఎంత తొందరగా పాకుతుందో నేను అప్పుడే చూశాను. మగవాళ్లు ఇద్దరు ముగ్గురు పట్టుకోబోతే మోచేతులతో విదిలించుకున్నాడు. లోపల ఆడవాళ్లు ఈ గొడవ దేవుడి చెవిన పడకూడదన్నట్టు పాట గొంతు పెంచారు. "ఏ చేత్తో కొట్టినావురా నా బిడ్డను? చూపీ!" అంటూ నాయన మామ కుడిచేతిని లాగి మెట్టు మీద పరిచి, పక్కనున్న రాయి ఎత్తాడు. మామ రక్తం ఉమ్ముతూ, "బావా, చదువు కోసమే గదా బావా" అని అరుస్తున్నాడు. అప్పుడు అమ్మ వచ్చి, వంగి, తమ్ముడి చేతి మీద తన అరచెయ్యి పెట్టింది. అంతే. రాయి గాలిలో ఆగిపోయింది. నాయన ఊపిరి మాత్రం కొలిమి తిత్తిలా వినిపిస్తూ ఉంది. నాకు భయం వేసింది, సంతోషం కూడా వేసింది, ఆ పన్ను ఊడినప్పుడు మరీ.

పాస్టరుగారు బయటికి వచ్చి ఆ పన్నునూ రాయినీ చూసి, "సమాధానపడకుండా మీ ఇద్దరిలో ఎవరూ బల్ల దగ్గరికి రావద్దు" అన్నాడు. ఆరాధన అయ్యాక ఇద్దరినీ తన ఇంటి అరుగు మీద కూర్చోబెట్టాడు. దెబ్బలు తిన్నది మామ కాబట్టి ఆయన ఏం కోరుకుంటాడోనని అందరం చూస్తున్నాం. నాయనే ముందు నోరు తెరిచాడు. "వారంలో పాపకు పరీక్ష. మొదలుపెట్టిన పాఠం నడిమధ్యలో ఉంది. చెయ్యెత్తకుండా అది పూర్తిగా చెప్పమనండి అయ్యగారూ. అట్లయితే చెయ్యి కలుపుతా." మామ చీలిన పెదవికి గుడ్డ అదుముకుని తల ఊపాడు. పాస్టరుగారు ఇంతకంటే వింత ఒప్పందాలు చూసే ఉంటాడు, వెంటనే ప్రార్థన చేసి ముగించాడు.

ఆ మధ్యాహ్నమే మా వసారాలో పాఠం మొదలైంది. మామ చాప మీద కూర్చున్నాడు, నేను ఎదురుగా కూర్చున్నాను. నాయన గుంజకు ఆనుకుని ఉలిని సానరాయి మీద గీస్తూ కూర్చున్నాడు. అంత వాడి ఆ ఉలికి ఎప్పుడూ అక్కర్లేదు. మామ హెక్సేన్ గొలుసు గీశాడు. "ఇది... దీన్ని... వేడి చేస్తే..." అని ఆగాడు. నీళ్లడిగి తాగాడు. "ఐదొందల డిగ్రీలా, ఏడొందల డెబ్బై మూడా" అని తనలో తాను గొణుక్కున్నాడు. రెండూ ఒకటేనని, ఒకటి సెల్సియస్, ఇంకొకటి కెల్విన్ అని నాకు అరచేతికి కూడా తెలుసు, కానీ నేను నోరు విప్పలేదు. ఆయన కుడిచెయ్యి తొడ మీద దేనికోసమో వెతుక్కుంటున్నట్టు ఆడుతోంది.

"ఏంది, చెప్పు" అన్నాడు నాయన.

"గుర్తు రావటంలా బావా."

"రాకపోవటమేంది? ఊరందరి పిల్లలకూ చెప్పినోడివి."

మామ తల దించుకున్నాడు. "చేతిలో ఏదన్నా లేకపోతే నాకు రాదు బావా" అన్నాడు. పరిహాసం కాదు, నిజంగానే అన్నాడు. ఆయన గొంతులో ఉన్న సిగ్గు నాకిప్పటికీ గుర్తుంది.

సానరాయి మీద ఉలి ఆగిపోయింది. నాయన నా వైపు చూశాడు, గొలుసు వైపు చూశాడు, మళ్లీ నా వైపు చూశాడు. పరీక్ష ఆయన కళ్లలో కనిపిస్తోంది, పలకలు రుద్దే ఆడవాళ్ల దగ్గు కూడా కనిపిస్తోంది. లేచి ఇంటి వెనక వంటచెరుకు పోగు దగ్గరికి వెళ్లాడు. మా ఇంట్లోనూ అవే చెక్కలు. ఒకటి ఏరి, లుంగీకి తుడిచి, తెచ్చి మామకు అందించాడు.

"ఇంద. మెల్లగా కొట్టు" అన్నాడు.

ఆ క్షణంలో నాయన మీద వచ్చినంత కోపం నాకు మామ మీద ఎన్నడూ రాలేదు. పొద్దున ఒకడి పన్ను రాలగొట్టిన మనిషి మధ్యాహ్నానికి వాడి చేతికే చెక్క ఇచ్చాడు. ఇచ్చి, గుంజ దగ్గరికి పోయి, మొహం రోడ్డు వైపు తిప్పుకుని కూర్చున్నాడు. నేను ఎడమచెయ్యి చాపాను. నన్ను ఎవరూ చాపమనలేదు, అలవాటు. మొదటి దెబ్బ మెల్లగానే పడింది. పాఠం కదిలింది. రెండో దెబ్బకు వాచిన పెదవుల మధ్య నుంచి మామ గొంతు తేరుకుంది. ఆల్కేన్, ఆల్కీన్, హైడ్రోజన్ వరసగా వస్తున్నాయి, వాటి వెంట దెబ్బలూ వస్తున్నాయి. ఉత్ప్రేరకం దగ్గరికి వచ్చేసరికి అది మెల్లగా కొట్టడం కానే కాదు.

అమ్మ లోపల మిరపకాయలకు తొడిమలు తీస్తోంది. ఎప్పుడు లేచిందో తెలియదు. వచ్చి మామ చేతిలోంచి చెక్క గుంజుకుంది. తమ్ముడి భుజం మీద ఒక్కటి వేసింది. నాలుగడుగులు నడిచి మొగుడి భుజం మీద ఒక్కటి వేసింది. రెండూ గాడి వైపుతోనే, బలం దాచుకోకుండా. "ఎట్లుంది? పాఠం వచ్చిందా ఇద్దరికీ?" అంది. ఆమె గొంతు అంత పెద్దదని మాకెవరికీ తెలియదు. చెక్కను మోకాలికేసి విరవబోతే విరగలేదు. నేలమీద వాలుగా పెట్టి కాలితో తొక్కింది, విరిగింది. ఆ ముక్కల్ని పొయ్యిలో పడేసి వచ్చి, మిరపఘాటు చేతులు చెంగుకు తుడుచుకుని నా ఎదురుగా చాప మీద కూర్చుంది. మామ పక్కకు జరగాల్సి వచ్చింది.

"నువ్వు చెప్పు పాపా. నేనింటా."

"నీకేం తెలుస్తదే?" అన్నాడు నాయన, భుజం రుద్దుకుంటూ.

"తెలియకనే ఇంటాండా" అంది అమ్మ.

అమ్మకు అక్షరాలు రావు. హెక్సేన్ అంటే చీరల రకమన్నా నమ్మేది. నేను మొదలుపెట్టాను. తడబడిన చోట ఆమె, కథ వినేటప్పుడు అడిగినట్టు, "ఊఁ, అప్పుడు?" అనేది. చెయ్యి చాపాల్సిన పని లేకపోయేసరికి మొదట నాకు మాట సరిగా రాలేదు. మామ రోగం నాకూ అంటుకుందేమోనని భయపడ్డాను. కాసేపటికి అదే వచ్చింది. గాలి తగలకుండా వేడి చేస్తారని చెబితే, "తగిలితే ఏమైతది?" అంది. "కాలిపోతదమ్మా" అన్నాను. "అంత కష్టపడి ఎందుకు పగలగొడతారు దాన్ని?" అని అడిగింది. పొడుగు గొలుసులు చిక్కగా ఉంటాయనీ, బండ్లలో పోయడానికి పనికిరావనీ, చిన్న ముక్కలు చేస్తే పెట్రోలు వస్తుందనీ, ప్లాస్టిక్ బిందెలు చేసే సరుకు వస్తుందనీ చెప్పాను. అమ్మ ఆ ఇద్దరి వైపూ చూడకుండానే, "అయితే వాళ్లు పనుండి పగలగొడతారు" అంది. ఇక్కడ అమ్మను ఉత్ప్రేరకంతో పోల్చి ఒక మంచి మాట రాయొచ్చు గానీ, ఆ రోజు ఆమె వేసిన రెండు దెబ్బలు చూసినవాళ్లెవరూ ఒప్పుకోరు.

పరీక్షలో భంజనం ప్రశ్న వచ్చింది. కలాన్ని మధ్యవేలికీ ఉంగరపువేలికీ నడుమ ఇరికించుకుని, చూపుడువేలు గాలిలో ఎత్తిపట్టి రాశాను. పర్యవేక్షణకు వచ్చిన మేడమ్ నేనేదో అడగబోతున్నాననుకుని మాటిమాటికీ నా దగ్గరికి వచ్చింది. పాసయ్యాను. పలకలు రుద్దే పనికి పోలేదు. వేలు మాత్రం అట్లాగే అతుక్కుంది, ఇప్పుడు మాత్రలు లెక్కపెట్టేటప్పుడు ట్రేలో పక్కకు నిలబడి ఉంటుంది.

మరుసటి నెల బల్ల ఆదివారం నాయనా మామా అందరి ముందూ చెయ్యి కలిపారు. రొట్టె తీసుకున్నారు, రసం తాగారు. మామ ఊడిన పంటి సందు కనపడకుండా నోరు కాస్తే తెరిచాడు. పళ్లెం ఆడవాళ్ల వైపు వచ్చినప్పుడు అమ్మ చెయ్యి చాపలేదు. పక్కామెకు అందించేసింది. పాస్టరుగారు దగ్గరికి వచ్చి ఏమమ్మా అని మెల్లగా అడిగితే, "నాకింకా సమాధానం కాలేదయ్యా" అంది. ఎవరితో అని ఆయన అడగలేదు. ఆ తర్వాతి నెల, ఆ తర్వాతి నెల కూడా ఆమె అంతే చేసింది. నాయన పక్క వరస నుంచి చూసి తల దించుకునేవాడు. మళ్లీ ఎప్పుడో తీసుకోవడం మొదలుపెట్టింది గానీ, అది ఏ ఆదివారమో నేను గమనించలేదు. నాయనా అమ్మా ఇద్దరూ ఇప్పుడు లేరు. అడగడానికి మిగిలింది మామ ఒక్కడే, ఆయనను నేను అడగను.

మొన్న ఆ పిల్లకు అదంతా చెప్పలేదు. సెల్లు ఆపించి, అమ్మ అడిగిన ప్రశ్నలే అడుగుతూ పాఠం చెప్పించాను. గాలి తగిలితే ఏమవుతుంది, అసలెందుకు విరగ్గొడతారు అని అడిగాను. చక్కగా చెబుతోంది. ఉత్ప్రేరకం దగ్గర తడబడింది, నేను తడబడిన చోటే. ఏమిటబ్బా అని తల గోక్కుంటూ మామ కుర్చీ కాళ్ల దగ్గరికి జరిగి కూర్చుంది. అప్పుడు మామ కుడిచెయ్యి లేచింది. ఆయన ఒంట్లో ఇంకా లేచేది ఆ చెయ్యి ఒక్కటే. నా వేళ్లు ముడుచుకున్నాయి, కళ్లు మూసుకున్నాను. దెబ్బ చప్పుడు రాలేదు. కళ్లు తెరిచేసరికి ఆ చెయ్యి మనవరాలి నెత్తిని మెల్లగా నిమురుతోంది. ఆ పిల్ల కళ్లు మూసుకోలేదు. ఇంకా బాగా అందేలా తల పైకి ఎత్తి, "ఆఁ, గుర్తొచ్చింది అత్తా, తక్కువ వేడికే విరుగుద్ది" అంది. మామ నా వైపు చూశాడు. నా పిడికిలి వైపు చూశాడు. ఇన్నేళ్ల కాలం ఆ చేతిలోని బలమంతా తీసేసుకుంది గానీ, నా ఒంట్లోని భయాన్ని మాత్రం తీసుకుపోవడం మరిచిపోయింది.